పద్యం కాగితానికి బంగారు పెట్టె

మూర పొడవుకు కాస్త తక్కువ, మూడు వేళ్ల వెడల్పు. అంతే ఆ కాగితం. దానిమీద పైనుంచి కిందికి కుంచెతో రాసిన ఒక చిన్న పద్యం. ఆ కాగితం దాచుకోవడానికి ఒక కొయ్యపెట్టె. పెట్టెకు చెట్టు పాలతో పూతమీద పూత. ఆ పూతమీద బంగారు పొడితో కొండలు, దేవదారు చెట్లు, కొంగలు, వాగులు. అలాంటి పెట్టె ఒకటి పూర్తి కావడానికి నెలలు పట్టేది. గొప్పింటి పెట్టె అయితే ఏళ్లు కూడా పట్టేది. లోపల ఉండేది మాత్రం కాగితమే.

ఇదేమి చోద్యమని ఎవరికైనా అనిపిస్తుంది. మన పాత ఇళ్లలో భోషాణాలుండేవి. వాటికి ఇనుప పట్టీలు, పెద్ద తాళాలు వేసింది లోపలి వెండి బంగారాల కోసం. జపాన్ పెద్దిళ్లలో ఈ లెక్క తిరగబడింది. బంగారం పైన, కాగితం లోపల. ఎందుకు తిరగబడిందో తెలియాలంటే ముందు ఆ కాగితం సంగతి తెలియాలి.

రాత చూసి మనిషిని లెక్కగట్టేవారు

జపాన్ పద్యం చాలా చిన్నది. పాతకాలపు పద్యానికి మొత్తం 31 అక్షరాలు. అయిదు, ఏడు, అయిదు, ఏడు, ఏడు చొప్పున అయిదు ముక్కలు. తర్వాతి కాలంలో చివరి రెండు ముక్కలూ రాలిపోయి 17 అక్షరాల హైకూ పుట్టింది. ఈ హైకూ మన తెలుగుకూ వచ్చింది. కాకినాడలో నివసించిన కవి ఇస్మాయిల్ హైకూలు రాశారు, ఆయన తర్వాత మరెందరో రాశారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1916లో జపాన్ వెళ్లినప్పుడు అక్కడివారు విసనకర్రలూ పట్టుగుడ్డ ముక్కలూ తెచ్చి ఆయన చేవ్రాతతో ఏదైనా రాసిమ్మని అడిగేవారు. ఆయన చిట్టి కవితలు కొన్ని అలా పుట్టినవే.

వారు అచ్చు పుస్తకం తెచ్చి సంతకం అడగలేదు, చేత్తో రాసిన ముక్క కావాలన్నారు. ఈ అలవాటు అక్కడ వెయ్యేళ్ల నాటిది. అప్పటి రాజాస్థానంలో ఆడవాళ్లు తెరచాటున ఉండేవారు. పరాయి మగవాడి కంట పడేవారు కారు. ఇద్దరి మధ్యా నడిచేది పద్యమే. అతను పద్యం పంపితే ఆమె పద్యంతోనే బదులివ్వాలి. ఏ రంగు కాగితం ఎంచుకున్నారు, కుంచె ఎంత నేర్పుగా నడిచింది, కాగితాన్ని ఏ పూలకొమ్మకు కట్టి పంపారు అనేవన్నీ చూసి మనిషి గుణం లెక్కగట్టేవారు. కవిత్వం ఒక ఎత్తు, చేవ్రాత ఒక ఎత్తు. మనిషి పోయినా ఆ రాత మిగులుతుంది. అందుకే కాగితం ముక్కకు అంత మర్యాద.

రానురాను ఈ కాగితాలకు కొలతలు ఏర్పడ్డాయి. పొడవుగా, సన్నగా ఉండేదాన్ని తన్‌జాకు అంటారు. సుమారు 36 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు. చదరానికి దగ్గరగా, కాస్త దళసరిగా ఉండేది షికిషి. ఇప్పటి షికిషి 27 సెంటీమీటర్లకు 24 సెంటీమీటర్లు. వట్టి తెల్ల కాగితమే అనుకోనక్కరలేదు. కొన్నిటి పైఅంచున నీలి మబ్బులు, కిందిఅంచున ఊదా మబ్బులు తేలుతుంటాయి. కొన్నిటిమీద బంగారు రేకు నలిపి చల్లుతారు. బాకో అంటే పెట్టె. తన్‌జాకు దాచేది తన్‌జాకు బాకో, షికిషి దాచేది షికిషి బాకో. మొదటిది వేణువు పెట్టెలా పొడవుగా ఉంటుంది, రెండోది స్వీటు డబ్బాలా చదరంగా ఉంటుంది.

కవుల గోష్ఠుల్లో ఈ తన్‌జాకుకు మరో పని కూడా ఉండేది. తొలకరి, వలస బాతులు, ఆలస్యంగా పూసిన చెర్రీ అన్నట్టు ఒక్కో చీటీమీద ఒక్కో అంశం రాసి మడిచి ఉంచేవారు. ఎవరి చేతికి ఏది వస్తే దానిమీద అక్కడికక్కడే పద్యం చెప్పాలి. మన అవధాన సభల్లో పృచ్ఛకుడు వర్ణన అడిగినట్టన్నమాట. కాకపోతే అక్కడ అడిగేది చీటీయే.

తాళపత్రాలకు మనవాళ్లు చేసిన ఏర్పాటు ఇంతకన్నా సాదా అయినది. ఆకుల కొలతకు రెండు చెక్కలు, వాటికి బెజ్జాలు, వాటిగుండా ఒక తాడు. పైన గుడ్డ చుట్టి అటకమీద పెట్టేవారు. పురుగు పట్టకుండా నూనె పూసేవారు. తాటాకు గట్టిది కాబట్టి సరిపోయింది. కాగితం అలా కాదు. జపాన్‌లో వేసవి ముందు వారాల తరబడి ముసురు పట్టే కాలం ఒకటుంది. ఆ చెమ్మకు కాగితం బూజు పడుతుంది, అంటుకుపోతుంది. తడిని లోపలికి రానివ్వని పెట్టె అక్కడ అవసరమే. బంగారం మాటెలా ఉన్నా, పూత పూయడం వట్టి షోకు కాదు.

రెండేళ్ల పెళ్లికూతురు

పెద్దిళ్లలో ఈ పెట్టెలు ఎక్కువగా అమ్మాయి సారెలో వెళ్లేవి. అద్దం బల్ల, దువ్వెనల పెట్టె, పరిమళ ద్రవ్యాల పెట్టె, సిరారాయి పెట్టె, పద్యాల కాగితాల పెట్టె అన్నీ ఒకే బొమ్మతో, ఒకే పనితనంతో చేయించేవారు. పుస్తకాలకూ రాత సామానుకూ ప్రత్యేకంగా ఒక అలమర ఉండేది. పద్యాల పెట్టె ఆ అలమరలోకి వెళ్లేది. అత్తవారింటికి వచ్చిన పిల్ల చదువూ సంస్కారమూ ఎంతటివో ఆ అలమర చెప్పేదన్నమాట.

ఇలాంటి సారెల్లో పేరుమోసింది చియోహిమె అనే అమ్మాయిది. ఆమె తండ్రి తొకుగావా ఇయెమిత్సు. అప్పటి జపాన్‌ను నిజంగా ఏలుతున్న షోగున్ ఆయనే. పిల్ల 1637లో పుట్టింది. ఆ ఏడే ఆస్థాన పనివాడు కోఅమి నాగాషిగె సారె సామాను పని మొదలుపెట్టాడు. 1639లో ఆమెను ఒవారి ప్రభువుల ఇంటికి కోడలిగా పంపారు. అప్పటికి ఆమెకు నిండా మూడేళ్లు లేవు. ఇది పెద్దల పొత్తు కోసం జరిగిన పెళ్లి అనడంలో సందేహం లేదు.

ఆ సామానుమీద వేసిన బొమ్మ ఒక కథలోది. మురసాకి షికిబు అనే ఆస్థాన స్త్రీ వెయ్యేళ్ల కిందట రాసిన 'గెంజి గాథ'లో ఒక తల్లి తన కూతుర్ని మరో ఇంటికి పెంపకానికి ఇచ్చేస్తుంది. కూతురి బాగు కోసమే ఇస్తుంది. తర్వాత చూసుకోవడానికి కుదరదు. ఏళ్లు గడిచాయి. కొత్త సంవత్సరం మొదటిరోజున ఆ తల్లి బిడ్డకు కానుకలు పంపుతూ వాటితో ఒక పద్యం పంపింది. ఈ ఏడు తొలిసారి కూసే పిట్ట గొంతు వినాలని ఎదురుచూస్తున్నానన్నది దాని భావం. ఆ పిట్ట కూతురేనని చదివినవారికి తెలుస్తుంది. ఆ అధ్యాయం పేరు 'హత్సునే', అంటే తొలికూత.

రెండేళ్ల పిల్లను అత్తవారింటికి పంపుతూ ఆ సామానుమీద ఈ పద్యాన్నే ఎందుకు ఎంచుకున్నారు? కొత్త ఏడు, వసంతం, దేవదారు, పిట్ట అన్నీ శుభసూచకాలు కాబట్టి అని పండితులు చెబుతారు. అది నిజమే. కాని ఆ పద్యం తెలిసిన తల్లి ఎవరైనా ఆ పెట్టెను చూస్తే శుభం ఒక్కటే గుర్తుకు రాదు. నాగోయాలోని తొకుగావా మ్యూజియంలో ఈ సామాను ఇప్పటికీ ఉంది. జపాన్ ప్రభుత్వం దాన్ని జాతీయ సంపదగా ప్రకటించింది. పద్యంలోని అక్షరాలను రాళ్ల మధ్యా చెట్ల మధ్యా విడివిడిగా పొదిగారు. బొమ్మ చూస్తున్నాననుకునేవాడు నిజానికి పద్యం చదువుతుంటాడు.

సగం పద్యం బొమ్మలోనే

ఇలా అక్షరాలను బొమ్మలో దాచడం అక్కడి పనివాళ్లకు పాత సరదా. నీటి ఒడ్డున రెల్లు గడ్డి గీస్తారు. దగ్గరికెళ్లి చూస్తే ఆ రెల్లు ఆకుల్లో అక్షరాలు కనిపిస్తాయి. పద్యం ముందే కంఠస్థమైతే తప్ప వాటిని కూడబలుక్కోవడం కష్టం.

ఈ ఆటను పరాకాష్ఠకు తీసుకుపోయినవాడు హోన్‌అమి కోయెత్సు. క్యోటో మనిషి, 1558 నుంచి 1637 వరకు జీవించాడు. కత్తులకు మెరుగుపెట్టి విలువ కట్టే కుటుంబంలో పుట్టాడు. చేవ్రాతలో ఆ కాలానికి మొనగాడు. ఆయన పేరుమీద ఉన్న ఒక పెట్టె టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. ఇది పద్యాల కాగితాలది కాదు, రాత సామాను పెట్టె. అయినా రెండూ ఒకే అలమరలోవే, ఒకే రకం పనితనం. మూత గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. దానిమీద బంగారు అలలు, అలలమీద వరసగా పడవలు. పడవలకు అడ్డంగా నల్లటి సీసపు పట్టీ ఒకటి వంతెనలా సాగుతుంది. మీద వెండి అక్షరాలతో ఒక పాత పద్యం. చదువుకుంటూ పోతే మధ్యలో ఒక మాట తప్పిపోయి కనిపిస్తుంది. ఆ మాట 'పడవల వంతెన'. అక్షరాల్లో దాన్ని రాయలేదు. కళ్లముందే వంతెన ఉండగా మళ్లీ రాయడమెందుకని!

నల్లజీడికి చుట్టం

ఇక పెట్టెకు మెరుపు తెచ్చే పూత సంగతి. ఇది రంగు కాదు, వార్నిష్ కాదు. ఉరుషి అనే చెట్టు పాలు. మన రైతులకు ఈ చెట్టు తెలియకపోయినా దాని చుట్టాలన్నీ తెలుసు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, ఉరుషి అన్నీ ఒకే కుటుంబపు చెట్లు. నల్లజీడి గింజ రసంతో రజకులు బట్టలమీద చెరగని గుర్తులు పెట్టేవారు. ఆ రసం ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. ఉరుషి పాలదీ అదే గుణం. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడికి చేతులూ ముఖమూ వాచిపోవడం, దురదతో నిద్రపట్టకపోవడం అక్కడ మామూలే. చిత్రమేమంటే ఆరి గట్టిపడిన తర్వాత ఆ పూతకు ఏ దోషమూ ఉండదు. అదే పూత వేసిన గిన్నెల్లో జపాన్‌వారు రోజూ వేడి పులుసు తాగుతారు.

పాలు తీయడం మన గీత కార్మికుల పనికి దగ్గరగానే ఉంటుంది, కాని ఒక పెద్ద తేడా ఉంది. తాటిచెట్టు ఏటా కల్లునిస్తూ తరాలపాటు నిలబడుతుంది. ఉరుషి చెట్టును పది, పదిహేనేళ్లు పెంచి ఒక్క ఏడాదిలో పిండేస్తారు. జూన్ నెలలో మానుకు అడ్డంగా చిన్న గాటు పెడతారు. నాలుగైదు రోజులకోసారి వచ్చి దానిపైన మరికాస్త పొడుగు గాటు పెడతారు. ఊరిన పాలను గరిటెలాంటి సన్నటి పనిముట్టుతో గీకి కుండలో వేసుకుంటారు. శరదృతువు ముగిసేసరికి మాను నిండా నల్లటి అడ్డగీతలే. మొత్తంమీద ఒక చెట్టుకు వచ్చేది సుమారు 200 గ్రాములు. మన టీ గ్లాసు కొలతకు ఒకటి, రెండు గ్లాసులనుకోవచ్చు. ఆపైన చెట్టును నరికేస్తారు. మోడు నుంచి మళ్లీ పిలకలు లేస్తాయి. అవి పాలకు రావాలంటే మళ్లీ పదేళ్ల పైమాటే.

పదేళ్లు కాచుకుని ఒకటి రెండు గ్లాసులు. పెట్టె ధర ఎక్కడ మొదలవుతుందో ఇక్కడే తెలుస్తుంది. బంగారం తర్వాతి మాట.

ముసురులో ఆరే పూత

వడియాలైనా, అప్పడాలైనా, గోడకు వేసిన సున్నమైనా ఎండలో ఆరుతాయి. ఉరుషి పూత చెమ్మలో ఆరుతుంది! ఇది తడి ఆవిరైపోవడం కాదు. పాలలోని ఒక పదార్థం గాలిలోని ప్రాణవాయువును పట్టుకుని గట్టిపడుతుంది. ఆ పని జరగడానికి గాలిలో చెమ్మ కావాలి. అందుకని తడిగుడ్డలతో తేమగా ఉంచిన కొయ్య బీరువాలో పెట్టెను పెట్టి తలుపు మూస్తారు. గాలిలో తేమ 70 నుంచి 85 శాతం దాకా ఉండాలి. తేమ తక్కువైతే ఎన్నాళ్లయినా ఆరదు. మరీ ఎక్కువైతే త్వరగా ఆరి ముడతలు పడుతుంది. ఈ బీరువాను కనిపెట్టుకుని ఉండటమే సగం విద్య.

పూతకు ముందు కొయ్య పని ఉంటుంది. పలచటి పలకలతో పెట్టె కట్టి, అంచులకు బలం కోసం గుడ్డ అంటిస్తారు. నోతో ద్వీపకల్పంలోని వాజిమా ఊరివారు అక్కడ దొరికే ఒక రకం మట్టిని కాల్చి పొడిచేసి పాలలో కలిపి అడుగు పూత వేస్తారు. వాజిమా సామాను గట్టిదనానికి ఆ మట్టే మూలమంటారు. ఒక పూత వేయాలి, ఆరబెట్టాలి, నూరాలి, మళ్లీ పూయాలి. అక్కడ ఒక వస్తువు పూర్తయ్యేసరికి చేతి పనులు వంద దాటుతాయి. అందరూ అన్నీ చేయరు. కొయ్యపని ఒకరిది, అడుగు పూత ఒకరిది, పై పూత ఇంకొకరిది, బంగారు పని మరొకరిది.

పై పూత కుంచె మనిషి జుట్టుతో చేస్తారు. పెన్సిల్‌లో గీసే సీసం చివరిదాకా ఉన్నట్టు ఈ కుంచెలో జుట్టు పిడి పొడవునా ఉంటుంది. మొన అరిగినప్పుడల్లా కొయ్యను చెక్కి కొత్త జుట్టు బయటికి తీసుకుంటారు. పూత వేసే గదిలో దుమ్ము రేణువు కూడా ఉండకూడదు.

ఆపైన బంగారు పని. దీన్ని మాకియె అంటారు, చల్లిన బొమ్మ అని అర్థం. ముందుగా ఉరుషి పాలతోనే బొమ్మ గీస్తారు. అది పచ్చిగా ఉండగానే సన్నటి గొట్టంలో బంగారు పొడి పోసుకుని, గొట్టాన్ని వేలితో తడుతూ గీతమీద రాల్చుతారు. మన ఇల్లాళ్లు వేళ్ల సందుల్లోంచి ముగ్గుపిండి రాల్చినట్టే ఉంటుంది చూడటానికి. కాని ఇక్కడ ముందు గీత, తర్వాత పొడి. పొడి అంటుకుని ఆరాక కొందరు బొమ్మ మొత్తం కనిపించకుండా మళ్లీ నల్లపూత వేసేస్తారు. ఆరాక బొగ్గు ముక్కతో నీళ్లు చల్లుతూ మెల్లమెల్లగా అరగదీస్తారు. లోపలి బంగారం ఒక్కొక్క గీతగా పైకి తేలుతుంది. ఒక్క పిసరు ఎక్కువ అరగదీస్తే బొమ్మ పోయినట్టే. చివరిగా జింక కొమ్ము కాల్చిన బూడిదను నూనెతో కలిపి వేలి కొనతో రుద్ది మెరుగు తెస్తారు. అరచేయి, వేలికొన తప్ప ఆఖరి మెరుగుకు వేరే సాధనం లేదు.

ఇంత చేసిన పెట్టెను అలాగే వదిలేస్తారా? దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, ఏ అలంకారమూ లేని తేలిక కొయ్య పెట్టె మరొకటి చేసి అందులో పెడతారు. ఆ బయటి పెట్టె మూతమీద లోపలి వస్తువు పేరూ పనివాడి పేరూ సిరాతో రాస్తారు. కాగితానికి పెట్టె, పెట్టెకు పెట్టె!

మన లక్కకూ దానికీ తేడా

ఏటికొప్పాక బొమ్మలు చూసినవారు ఇదంతా లక్కపనే కదా అనుకోవచ్చు. కాదు. మన లక్క చెట్టుకొమ్మల మీద పురుగులు పెట్టే జిగురు. దాన్ని వేడిచేసి, తిరిగే అంకుడు కొయ్యకు ఒత్తితే రాపిడికి కరిగి అంటుకుంటుంది. వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. ఉరుషి ఒకసారి గట్టిపడితే వేడికి కరగదు, నీటికి చెడదు, ఆమ్లానికి కూడా లొంగదు.

అయితే పేరు మాత్రం మనదే. పోర్చుగీసువారు మన దేశంలో లక్కను చూశాకే 1543లో జపాన్ చేరారు. అక్కడి నల్లటి మెరుపు చూసి దానికీ లక్క పేరే పెట్టారు. ఇంగ్లీషులో ఇప్పటికీ అదే మాట నడుస్తోంది. చైనావారి పూత తెరలు ఐరోపాకు మన తూర్పు తీరపు రేవుల మీదుగా వెళ్లడంతో వాటికి కోరమాండల్ తెరలని పేరు పడింది. అందులో మన చేయి ఒక్కటీ పడలేదు. ఇంగ్లీషువారు మాత్రం మెరిసే నల్లపూత దేనినైనా జపాన్ అనడం మొదలుపెట్టారు. మన రంగుల దుకాణాల్లో ఇనుప గేట్లకు, ట్రంకు పెట్టెలకు అమ్మే 'బ్లాక్ జపాన్' ఆ పేరు మిగిల్చిన జ్ఞాపకమే. అందులో ఉరుషి చుక్క కూడా ఉండదు, తారు జాతి సరుకు.

ఐరోపా రాజులు ఈ పెట్టెల కోసం వెర్రెత్తిపోయారు. ఆస్ట్రియా రాణి మరియా థెరీసా 1780లో చనిపోతూ 50 జపాన్ పెట్టెలను తన కూతురికి రాసిచ్చింది. ఆ కూతురే ఫ్రాన్సు రాణి మేరీ ఆంట్వానెట్. విప్లవంలో 1793లో ఆమె తల తెగింది. పెట్టెలు చెక్కుచెదరలేదు. ఇప్పుడవి ఫ్రాన్సు మ్యూజియాల్లో ఉన్నాయి.

పూత గట్టిదనానికి మరో రుజువు సముద్రమే ఇచ్చింది. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు జపాన్ తన మంచి వస్తువులెన్నో పంపింది. వాటిని తిరిగి తెస్తున్న నీల్ అనే ఫ్రెంచి ఓడ 1874 మార్చిలో ఇజు తీరం దగ్గర రాయికి కొట్టుకుని మునిగింది. ఓడలోని వారిలో అత్యధికులు మరణించారు. వస్తువుల్లో చాలా భాగం దొరకలేదు. ఏడాదికి పైగా ఉప్పునీటిలో నానిన తర్వాత బయటికి తీసిన ఉరుషి పెట్టెలు మాత్రం పెద్దగా చెడకుండా ఉన్నాయి.

దానికి నిజమైన శత్రువు ఎండ. సూర్యకాంతిలో ఎక్కువకాలం ఉంటే మెరుపు చచ్చి తెల్లబారుతుంది. పొడిగాలికి కొయ్య కుంచించుకుని పూత బీటలిస్తుంది. అందుకే మ్యూజియాల్లో ఈ పెట్టెలుండే గదుల్లో మసక వెలుతురు.

పాలు తీసేవారు కావాలి

1868లో షోగున్ల పాలన ముగిసింది. ప్రభువుల ఇళ్లు చితికాయి. సారె పెట్టెలు విదేశీ వర్తకుల చేతుల్లో పడ్డాయి. లండన్, న్యూయార్క్ మ్యూజియాల్లో ఇప్పుడు కనిపించేవి చాలావరకు అలా చేరినవే. వాటిలో అత్యధికం ఖాళీ పెట్టెలు. బంగారం కోసం కొన్నవాడికి కాగితంతో పనేముంది?

కాగితం మాత్రం జపాన్‌లో బతికే ఉంది. ఏటా జనవరిలో రాజభవనంలో పద్య పఠనం జరుగుతుంది. ఒక మాట ముందుగా ప్రకటిస్తారు. దానిమీద ఎవరైనా, విదేశీయులైనా పద్యం పంపవచ్చు. వేలల్లో వచ్చిన పద్యాల నుంచి పదింటిని ఎంపికచేసి చక్రవర్తి ఎదుట నిదానంగా రాగయుక్తంగా చదువుతారు. ఇక తన్‌జాకు పసిపిల్లలకూ తెలుసు. జులై 7న తనబాత పండుగనాడు రంగు రంగుల తన్‌జాకుల మీద కోరికలు రాసి వెదురు కొమ్మలకు కడతారు.

కొరత వచ్చింది చెట్టు పాలకే. జపాన్‌లో ఇప్పుడు వాడే ఉరుషిలో 90 శాతానికి పైగా చైనా నుంచి వస్తుంది. దేశంలో తీసేదాంట్లో అధిక భాగం ఉత్తరాన ఇవాతె రాష్ట్రంలోని జోబోజి అనే పల్లె ప్రాంతానిది. ప్లాస్టిక్ గిన్నెలు వచ్చాక ఉరుషి గిన్నె కొనేవాడు తగ్గాడు. కొనేవాడు లేక చెట్టు పెంచేవాడు తగ్గాడు, చెట్టు లేక గీసేవాడు తగ్గాడు. గీసేవాడికి గరిటె, కత్తి చేసిచ్చే కమ్మరి కూడా కరవయ్యాడు. పదిహేనేళ్ల తర్వాత వచ్చే టీ గ్లాసెడు పాల కోసం పొలంలో మొక్క నాటమంటే ఏ రైతయినా ఆలోచిస్తాడు.

2015లో జపాన్ ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. జాతీయ సంపదగా గుర్తించిన గుళ్లు, కట్టడాల మరమ్మతులకు స్వదేశీ ఉరుషినే వాడాలని చెప్పింది. దాంతో జోబోజి పాలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. కాని అప్పటికి చెట్లు చాలినన్ని లేవు. ఆ తర్వాతనే మొక్కలు నాటడం, బయటి ఊళ్ల యువకులను రప్పించి గీత పని నేర్పడం జోరందుకున్నాయి.

ఇంతలో వాజిమా మీద పిడుగు పడింది. 2024 జనవరి 1 సాయంత్రం నోతో ద్వీపకల్పాన్ని 7.6 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. వాజిమాలో ప్రసిద్ధమైన పొద్దుటి సంత వీధిలో మంటలు లేచి రెండువందలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఉరుషి సామాను దుకాణాలు, పనిశాలలు, పాత పనిముట్లు, తయారవుతున్న వస్తువులు బూడిదయ్యాయి. ఇల్లు పోయినవారు చాలామంది ఊరు విడిచారు. అదే ఏడు సెప్టెంబరులో వరద వచ్చి మళ్లీ ముంచింది. కొయ్యపనివాడు ఒక ఊళ్లో, అడుగు పూతవాడు మరో ఊళ్లో తలదాచుకుంటే వంద చేతుల పని సాగేదెలా?

అయినా 2024లోనే తాత్కాలిక పనిశాలలు కట్టించారు. పనివాళ్లు కొందరు తిరిగి వచ్చి అక్కడ పని అందుకున్నారు. వాజిమావారు అంతకుముందు అయిదేళ్లు శ్రమపడి ఒక మీటరు వ్యాసం గల ఉరుషి భూగోళం చేశారు. నల్లటి గోళంమీద రాత్రివేళ ఊళ్ల దీపాలు బంగారు చుక్కలై మెరుస్తుంటాయి. భూకంపంలో అది పడిపోలేదు. 2025లో ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో దాన్ని జనం చూశారు.

జోబోజి కొండవాలుల్లో 2015 తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే గీతకు అందే వయసుకు వస్తున్నాయి. ఒక్కో చెట్టుకు ఒక్క వేసవి. జూన్ మొదటి గాటు నుంచి ఆకు రాలేదాకా, నాలుగైదు రోజులకోసారి ఎవరో ఒకరు కత్తి పట్టుకుని దాని దగ్గరికి వెళ్లాలి.